గడప దాటని పదునాలుగు దినములు

మన పల్లెలలో ఇంట ఎవరికైనను ఆటలమ్మగాని తట్టుగాని పోసినప్పుడు గుమ్మమునకు వేపమండలు కట్టుట చిరకాలపు ఆచారము. ఆ మండలను చూచిన ఇరుగుపొరుగువారు వాకిట నిలిచియే పలుకరించి మరలిపోవుదురు. ఇంటివారును పెండ్లికిగాని పేరంటమునకుగాని పోరు. తలకు నీళ్ళు పోసిన పిమ్మటనే ఆ యింటికిని ఊరికిని మరల రాకపోకలు సాగును. ఇది అమ్మవారి ఆగ్రహమని పెద్దలు చెప్పిన కారణమును వైద్యశాస్త్రము ఒప్పుకొనదు. వేపాకు గుమ్మమున వ్రేలాడినంతమాత్రమున రోగము ఆగిపోదు. కాని ఆ మండ పలికిన మాట మాత్రము నేటికిని చెల్లును: "బయటివారు లోనికి రావలదు, లోనివారు బయటికి రారు."

అంటువ్యాధి చెలరేగినప్పుడు ఈ చిన్న మాటను ఎంత గట్టిగ పాటింపవలెను? కొంచెము సడలించినచో వచ్చు నష్టమేమి? పాటించు కుటుంబమునకు తక్కిన ఊరు ఏమి ఋణపడియున్నది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

ఇట్టి కట్టుబాటు మనకు మాత్రమే తెలిసినది కాదు. ఆడ్రియాటిక్ సముద్రతీరమున నేడు దుబ్రోవ్నిక్ అని పిలువబడు రగూసా నగరము 1377లో ఒక శాసనము చేసెను. ప్లేగు ఉన్న ప్రాంతములనుండి వచ్చువారు 30 దినములు నగరమునకు వెలుపల గడపిన పిదపనే లోనికి రావలెను. తరువాతి కాలమున వెనిస్ మొదలగు రేవులలో ఆ గడువు 40 దినములైనది. ఇటాలియను భాషలో నలుబదికి 'క్వరాంత' అని పేరు. మనము వాడుచున్న 'క్వారంటైను' అను మాట అందుండి పుట్టినదే. ప్లేగు సూక్ష్మజీవిని కనుగొన్నది 1894లో. అంతకు అయిదు వందల యేండ్లకు పూర్వమే, కారణము తెలియకున్నను, కాలము గడచిన కొలది అపాయము తీరునని ఆ నావికులు అనుభవముచే గ్రహించిరి.

ఇచట రెండు మాటలను వేరుపరచుకొనవలెను. జబ్బుపడినవానిని తక్కినవారికి దూరముగ ఉంచుట ఒకటి. జబ్బుపడినవానితో మెలగి, ఇంకను ఆరోగ్యముగనే కనబడుచున్నవానిని కొన్నాళ్ళు ఇల్లు కదలకుండ ఉంచుట రెండవది. క్వారంటైను అనగా ఈ రెండవదియే. మొదటిదానికి పెద్దగ వాదము అక్కరలేదు. జ్వరముతో మూలుగుచున్నవాడు తనంత తానే మంచము విడువడు. ఒంట ఏ బాధయు లేక, ఆకలి చక్కగ అగుచు, కాళ్ళు చేతులు ఆడుచున్నవానిని "నీవు గడప దాటరాదు" అనుట కష్టము. ఆ మాట వినుట అంతకంటె కష్టము.

అయినను అట్లు చెప్పవలసివచ్చుటకు కారణమున్నది. విత్తు నాటిన నాడే మొలక కనబడదు. అట్లే రోగబీజము శరీరమున ప్రవేశించిన తరువాత లక్షణములు బయటపడుటకు కొంత వ్యవధి పట్టును. దీనినే గుప్తకాలమందురు. తట్టులో ఈ వ్యవధి ఇంచుమించు రెండు వారములు. ఒంటిమీద దద్దురు కనబడుటకు నాలుగు దినములు ముందునుండియే తట్టు ఇతరులకు అంటును. ఇది తట్టు అని తల్లి గుర్తించునప్పటికే బిడ్డ బడికి పోయి, తోడిపిల్లల నడుమ కూర్చుండి వచ్చియుండును. 2020లో ప్రపంచమును చుట్టివేసిన కోవిడు వ్యాధియందు గుప్తకాలము 2 మొదలు 14 దినములవరకు ఉండెను. లక్షణములు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందుగనే అది ఇతరులకు సోకుచుండెను. కొందరికి ఏ లక్షణమును లేకయే సోకి, వారినుండి ఇతరులకు వ్యాపించెను. అట్టి వ్యాధిలో "నాకు బాగుగనే ఉన్నది" అను మాటకు సాక్ష్యము విలువ లేదు.

ఒక కుటుంబమును ఊహింతము. 2020 నాటి దినములవంటి దినములు. ఒక గృహస్థు పట్టణమున పనిచేసి స్వగ్రామమునకు వచ్చెను. అతనితో ఒకే గదిలో పనిచేసినవానికి వ్యాధి సోకినట్లు తేలినది. 14 దినములు ఇల్లు కదలవలదని ఆరోగ్యశాఖవారు ఇతనికి చెప్పిరి. పదవ దినమున మేనకోడలి పెండ్లి. బుట్టలో కూర్చుండిన పెండ్లికూతురును మేనమామయే ఎత్తి పందిరిలోనికి తేవలెను. అతనికి జ్వరము లేదు, దగ్గు లేదు. అక్కగారు కబురంపినది: "ఒక్క గడియ వచ్చి పోరా తమ్ముడూ! నీ చెయ్యి పడకుండా పిల్లను పీటల మీదికి ఎట్లా తెస్తాము?"

ఈ అక్కగారి మాట తీసివేయదగినది కాదు. మన బ్రదుకులలో ఇట్టి గడియలు పదేపదే రావు. కనుక ఆమెకు చెప్పు సమాధానము న్యాయముగ ఉండవలెను. 2020లో వైద్యులు లెక్క తీసిరి. లక్షణములు కనబడినవారిలో సగముమందికి సుమారు అయిదు దినములలోపలనే కనబడెను. నూటికి తొంబదియేడుగురికి పదునొకండున్నర దినములలోపల కనబడెను. కాబట్టి పదవ దినము నాటికి ఆ గృహస్థునివలన కలుగగల అపాయము చాలవరకు తగ్గినది. ఇది దాచవలసిన సంగతి కాదు. అయితే తగ్గినదేగాని తీరిపోలేదు. ఆ మిగిలిన అపాయము ఎవరిమీద పడును? అతని ఒక్కనిమీదనే పడునదైనచో అతని ఇష్టమునకు విడువవచ్చును. అది పందిరిలో కూర్చుండిన రెండు వందలమందిమీద పడును. అందు ఎనుబదియేండ్ల తాతగారుండవచ్చును. చక్కెరవ్యాధితో బాధపడు అత్తగారుండవచ్చును. వారిని ఎవరును అడుగలేదు, వారు ఒప్పుకొనలేదు.

మరియొక సంగతి. ఆ దినములలో జిల్లాలో ఇల్లు కదలవలదని చెప్పబడినవాడు అతడొక్కడే కాడు. అట్టివారు వేయిమంది ఉన్నారనుకొందము. ప్రతివానికిని ఒక గడియ పని ఉండును. ఒకనికి పెండ్లి, ఒకనికి కోర్టు వాయిదా, ఒకనికి పంటకోత, ఒకనికి చావు పలకరింపు. ప్రతివాడును తన గడియను మాత్రము మినహాయింపుగ అడుగును. చెరువుకట్టకు ఎలుక త్రవ్విన బొరియ చిన్నదే. కాని వేయి బొరియలు పడిన కట్ట నీటిని నిలుపలేదు.

సడలింపువలన కలుగు నష్టము మనము అనుకొనునంత స్వల్పము కాదని ఒక చిన్న లెక్కవలన తెలియును. ఒక వ్యాధి ఒకనినుండి ఇద్దరికి, ఆ యిద్దరినుండి నలుగురికి, ఇట్లు రెట్టింపగుచు పోవుననుకొందము. పది మార్లు తిరుగునప్పటికి పదవ విడతలో వ్యాధి సోకువారు 1,024 మంది. అందరును నియమము తప్పక పాటించి, ఒకనినుండి ఒకనికి మాత్రమే సోకునట్లు చేసినచో పదవ విడతలోను సోకువాడు ఒక్కడే. ఇప్పుడు సగము పాటించి సగము విడిచిరనుకొందము. ఒకనినుండి ఒకటిన్నర వంతున సోకును. పదవ విడతలో ఆ సంఖ్య ఒకటిన్నర కాదు, రెండు కాదు; 57 దాటును. సోకువారు ఒకనికంటె తక్కువైనచో వ్యాధి తనంత తానే ఆరిపోవును. ఎక్కువైనచో పెరుగుచునే ఉండును. ఆరిపోవుటకును అంటుకొనుటకును నడుమనున్న ఆ సన్నని గీతను దాటించునది తరచుగ ఇట్టి గడియల సడలింపే. నియమము కఠినముగ ఉండవలెననుటకు ఇదియే ముఖ్యకారణము.

కఠినమనగానే క్రౌర్యము తలపునకు వచ్చును. అది వట్టి అపోహ కాదు. 1665లో లండను నగరమున ప్లేగు ప్రబలినప్పుడు రోగి ఉన్న యింటిని మూసి, తలుపుమీద ఎఱ్ఱని సిలువగుర్తు వేసి, కావలివానిని నిలిపిరి. రోగితోపాటు ఆరోగ్యవంతులైన భార్యాబిడ్డలును ఆ నాలుగు గోడలనడుమనే చిక్కుకొనిరి. ఫలితమేమి? జనులు రోగమును దాచసాగిరి. కావలివారి కన్నుగప్పి పారిపోయిరి.

మన దేశమునను ఇట్టి పాఠము కలదు. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రవేశించెను. మరుసటి యేడు అంటువ్యాధుల శాసనము వచ్చెను. ఆ యేడే పూనాలో సైనికులు ఇండ్లలో చొచ్చి సోదాలు జరుపుటతో ప్రజల మనస్సులు మండిపోయెను. 1897 జూన్ 22వ తేదీ రాత్రి ప్లేగు కమీషనరు ర్యాండు కాల్పులకు గురియై తరువాత మరణించెను. భయపెట్టి సాగించిన నియమము రోగమును వెలికితీయదు. అటకమీదికి ఎక్కించి దాచును.

దీనికి ప్రతిగా మన దేశముననే గర్వింపదగిన ఉదాహరణమును కలదు. 1974లో భారతదేశమున ఒక లక్ష ఎనుబది వేలకు పైగా మశూచి కేసులు నమోదైనవి. బీహారు మిక్కిలి బాధపడెను. వైద్యసిబ్బంది ఇల్లిల్లు తిరిగి రోగులను వెదకిరి. వ్యాధి సోకిన యింటిముందు రేయింబవళ్ళు కావలివారిని నిలిపిరి. లోనికి పోదలచినవారికి మొదట టీకా వేసిరి. చుట్టుపట్ల ఇండ్లవారికందరికిని టీకాలు వేసిరి. వ్యాధి సంగతి తెలిపినవారికి బహుమానము ప్రకటించిరి. అన్నిటికంటె గమనింపవలసిన విషయము మరొకటి. కూలికి పోనిదే పొయ్యి వెలుగని కుటుంబములు ఆకలికి తాళలేక గడప దాటకుండునట్లు పలుచోట్ల వారికి తిండి ఏర్పాటు చేసిరి. మశూచిని జయించుటలో ప్రధానాయుధము టీకాయే. కాని ఆ టీకాకు వ్యవధి దొరికినది ఆ వాకిటి కావలివలననే. 1975 మే నెల తరువాత మన దేశమున మశూచి కనబడలేదు. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ భూమండలముననే అది అంతరించినదని ప్రకటించెను.

సింగపూరు నగరము 2003లో ఇదే త్రోవను నడచెను. సార్స్ అను తీవ్రమైన శ్వాసకోశవ్యాధి అచట 238 మందికి సోకెను. 33 మంది మరణించిరి. రోగులతో మెలగిన వేలకొలది జనులను 10 దినములు ఇండ్లలో ఉండుమని ప్రభుత్వమువారు ఆజ్ఞాపించిరి. ఇండ్లలో చిన్న కెమెరాలను అమర్చి, వేళకాని వేళ టెలిఫోను చేసి, మనిషి ఇంటనున్నాడో లేదో చూచిరి. నియమము తప్పినవాని చేతికి జాడ తెలుపు పట్టీ తొడిగిరి. అదే సమయమున పనికి పోలేక నష్టపడినవారికి భత్యమును చెల్లించిరి. కన్ను కఠినముగ ఉండెను. చేయి ఉదారముగ ఉండెను. మే నెలాఖరునాటికి సింగపూరు వ్యాధివ్యాపక ప్రాంతముల పట్టికనుండి తొలగిపోయెను.

ఈ ఉదాహరణములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సత్యము బోధపడును. లండనులోను, బీహారులోను వాకిట కావలివాడు నిలిచెను. ఒకచోట అతడు శత్రువుగ తోచెను. రెండవచోట పని నెరవేరెను. లోపలివానికి అన్నము, ధైర్యము చేరినచో తలుపు దానంతటదియే మూసియుండును. చేరనిచో ఎంతటి తాళమైనను నిలువదు.

ఇక ఇండ్లలో ఆచరింపవలసిన విధులను చూతము. మొదటిది గడువు. అది ప్రతి వ్యాధికి ఒక్కటి కాదు. రోగితో కడపటిసారి మెలగిన దినమునుండి లెక్కింపవలెను. ఎన్ని దినములను సంగతి ఆరోగ్యశాఖవారు చెప్పినట్లు వినవలెను. శాస్త్రజ్ఞానము పెరిగిన కొలది గడువు మారవచ్చును. కోవిడు విషయమున పరీక్షలు, టీకాలు అందుబాటునకు వచ్చిన పిమ్మట పలు దేశములు 14 దినముల గడువును తగ్గించినవి. అట్లు తగ్గించుట న్యాయము. చెప్పిన గడువు కొద్దిదైనను గట్టిగ పాటించుట మేలు. గడువు పొడిగించి నలుదిక్కుల సడలించుట వ్యర్థము.

రెండవది ఇంటిలోపలి ఏర్పాటు. లండను ఇండ్లలో జరిగిన తప్పు మన యింట జరుగరాదు. గడప దాటకున్నంతమాత్రమున చాలదు. లోపలను ఎడము పాటింపవలెను. వీలైనచో అతనికి గాలి వెలుతురు వచ్చు ప్రత్యేకపు గది ఈయవలెను. ఒకే గది ఉన్నచో కిటికీలు తెరచియుంచి, మంచములు దూరదూరముగ వేసికొనవలెను. అతడు వసారాలో పరుండుటయు మంచిదే. కంచము, చెంబు, తువాలు వేరుగ ఉండవలెను. సేవ చేయుటకు ఆరోగ్యవంతులైన ఒక్కరినే నియమింపవలెను. గాలిద్వారా సోకు వ్యాధియైనచో ఇరువురును ముక్కు నోరు కప్పుకొనవలెను. సబ్బుతో చేతులు కడుగుకొనుట మరువరాదు. ముసలివారిని, గర్భవతులను, పసిబిడ్డలను ఆ గదికి పోనీయరాదు.

మూడవది కనిపెట్టియుండుట. ఉదయము సాయంకాలము జ్వరము చూచుకొనవలెను. ఆయాసము, మగత, ఎడతెగని జ్వరము కనబడినచో క్షణమాలసింపక వైద్యునికి తెలుపవలెను. ఇల్లు కదలరాదను నియమము ఆసుపత్రికి పోరాదను నియమము కాదు. ముందుగ కబురుచేసి, తగిన జాగ్రత్తతో పోవలెను. "పోయినచో ఊరిలో నలుగురు ఏమనుకొందురో" అని దాచి ప్రాణముమీదికి తెచ్చుకొనుట కంటె పొరపాటు లేదు.

ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. ఇది ప్రతి రోగమునకు పనికివచ్చు ఉపాయము కాదు. మలేరియా, డెంగ్యూ దోమలవలన వచ్చును. అచట నీరు నిలువకుండ చేయుట ముఖ్యము. కలరాకు త్రాగునీటిని శుభ్రపరచుట ముఖ్యము. మనిషినుండి మనిషికి గాలివలనను స్పర్శవలనను సోకు వ్యాధులయందే గృహవాసమునకు బలము కలదు.

ఇంతవరకు లోపలివాని ధర్మము చెప్పుకొంటిమి. వెలుపలివాని ధర్మమును చెప్పుకొననిచో ఈ ప్రసంగము అసంపూర్ణమగును. నెలజీతము వచ్చువానికి 14 దినములు విసుగు మాత్రమే. దినకూలికి అది పదునాలుగు పూటల పస్తు. తన రెక్కలమీద అయిదుగురు బ్రదుకుచున్నవానిని ఉత్తచేతులతో కూర్చుండుమని, అతడు వెలుపలికి వచ్చినంతనే దోషి అనుట ధర్మము కాదు. అతడు ఇంట కూర్చుండుట మనకొరకు. కనుక అతని కూలి, అతని బియ్యము మన బాధ్యత. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలెను. పాలచెంబు గడపముందు పెట్టి కేకవేయుట, మందులు తెచ్చియిచ్చుట, పశువులకు మేత వేయుట, కోతకు వచ్చిన చేనిని నలుగురు కలిసి కోసిపెట్టుట ఊరివారు చేయగల పనులు. వీటికి ఖర్చు తక్కువ, గౌరవమెక్కువ. గడువు తీరిన మరునాడు ఆ యింటివారిని మునుపటివలెనే పంక్తిలో కూర్చుండబెట్టుకొనుట అన్నిటికంటె ముఖ్యము. వెలివేయుటకును క్వారంటైనుకును భేదము ఇచటనే ఉన్నది. వెలికి గడువు లేదు, దీనికి గడువున్నది.

మరల ఆ గృహస్థు సంగతికి వత్తము. అతడు పెండ్లికి పోరాదు. అక్కగారికి కష్టము తోచును. అతనికి అంతకంటె కష్టము తోచును. పెండ్లికూతురు బుట్టను వరుసకు మేనమామయగు మరొకడు ఎత్తవచ్చును. టెలిఫోనులో మంగళవాద్యములు వినుచు అతడు తన గదిలోనుండియే అక్షతలు చల్లవచ్చును. పదునైదవ దినమున నూతనదంపతులు అతని యింటికి వచ్చి కాళ్ళకు మ్రొక్కినప్పుడు, పందిరిలో కూర్చుండిన తాతగారును వారి వెంట నడచి వచ్చును. గడప దాటని ఆ దినములకు దక్కిన ఫలము అదియే.